పాతిక అడుగుల ట్రైలర్‌కి 400 వాట్ల సోలార్ సరిపోతుందా?

సరిపోదు. సరిపోవచ్చు కూడా. ట్రైలర్ (ట్రక్ వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) పొడవు చెప్పారు, డీలర్ అంటగడుతున్న వాట్లు చెప్పారు, వచ్చే సీజన్లో అమ్మానాన్నలను తీసుకుని హుకప్ (సైట్ దగ్గరే ఇచ్చే కరెంటు కనెక్షన్) లేని క్యాంప్‌గ్రౌండ్లలో తిరుగుతామన్నారు. లోపల ఏమేం వాడతారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నేనూ అచ్చం ఇలాగే మొదలెట్టి చలికి వణికినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెబుతా.

మేముండేది డాలస్ దగ్గర. ట్రైలర్ కొన్న ఏడాది అక్టోబర్‌లో అమ్మానాన్నలను ఎక్కించుకుని, వెయ్యి మైళ్లకు పైగా లాక్కెళ్లి, గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్‌లో మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. ఆ పక్కనే ట్రైలర్ విలేజ్‌లో కరెంటు హుకప్‌లుంటాయి. నెత్తిన 200 వాట్ల ప్యానెళ్లున్నవాడికి హుకప్ దేనికని నా పొగరు. జనరేటర్ కూడా కొనలేదు. మాకు దొరికిన సైట్ మీద పెద్ద పెద్ద పైన్ చెట్లు. "ఎంత చల్లగా ఉందిరా" అని అమ్మ మురిసిపోయింది. ప్యానెళ్లకీ చల్లగానే ఉంది మరి.

సాయంత్రం కొబ్బరి పచ్చడికని అమ్మ మిక్సీ వేసింది. రెండు తిప్పులు తిరిగిందో లేదో ఇన్వర్టర్ కుయ్యిమని ఆగిపోయింది. "చెబితే రోలు తెచ్చుకునేదాన్నిగా" అంది. అప్పుడైనా నాకు వెలగలేదు. రాత్రి మూడింటికి గ్యాస్ డిటెక్టర్ కీచుమని అరవడం మొదలెట్టింది. లీకేమోనని హడలిపోయి తలుపులూ కిటికీలూ బార్లా తెరిచాం, ఉన్న కాస్త వెచ్చదనం కూడా పోయింది. తీరా చూస్తే బ్యాటరీ వోల్టేజీ పడిపోయిందని దాని గోల! గ్యాస్ మండించి లోపల వేడి చేసే ఫర్నేస్ అప్పటికే ఆగిపోయి ఉంది. రెండు సిలిండర్ల ప్రొపేన్ ఉంది కానీ, వేడిగాలిని తోసే ఫ్యాన్‌కి కరెంటు లేదు. అక్కడ ఎత్తు దాదాపు 7,000 అడుగులు, బయట చలి సున్నాకి దగ్గర్లో ఉంది. బ్యాటరీ ఛార్జ్ కోసం ట్రక్ స్టార్ట్ చేద్దామంటే పొద్దున ఆరు దాకా క్వయట్ అవర్స్, చప్పుడు చేయకూడదు. నాన్న మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని, "ఊదుగొట్టం లేని పొయ్యిరా నీది" అన్నారు.

ఆయన విద్యుత్ శాఖలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యారు. తెల్లారీ తెల్లారకముందే పార్క్ మ్యాప్ తిరగేసి వెనక లెక్క మొదలెట్టారు. "ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేముందు ఊళ్లో లోడెంతో చూడరట్రా?" బ్యాటరీల మీద రాసే ఆంప్ అవర్ల గోల ఆయనకి నచ్చలేదు, అన్నిటినీ కరెంటు బిల్లులో ఉండే యూనిట్లలోకి మార్చేశారు. నేను ఇప్పటికీ అలాగే లెక్కేస్తాను. మీరూ అలాగే వేసుకోండి, యూట్యూబ్‌లో ఆంప్ అవర్ల పాఠాలు వింటే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు.

ఫర్నేస్ ఫ్యాన్ దాదాపు 85 వాట్లు లాగుతుంది. రాత్రి మొత్తమ్మీద ఐదు గంటలు తిరిగితే 0.4 యూనిట్. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి ముప్పావు యూనిట్ దాకా తింటుంది. లైట్లు, వాటర్ పంపు, ఫోన్లు కలిపి 0.2. నాలా పగలు లాప్‌టాప్ తెరిచి ఆఫీసు పని చేస్తే ఇంకో అర యూనిట్. రైస్ కుక్కర్ ఒక పూటకి పావు. వెరసి రెండు యూనిట్ల పైచిలుకు. ఆ రాత్రి నా దగ్గరున్నదేమిటి? డీలర్ ట్రైలర్‌తో ఇచ్చిన ఒక్క లెడ్ యాసిడ్ బ్యాటరీ. నిండా ఉంటే ఒక యూనిట్, పాడవకుండా వాడుకోగలిగేది అందులో సగం. అదీ చెట్ల నీడలో నిండలేదు.

మిక్సీది వేరే కథ. ఐదు నిమిషాలు వాడితే 0.05 యూనిట్ కూడా ఖర్చు కాదు, కానీ ఒక్క గుక్కలో లాగుతుంది. 550 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్ల పైమాటే, స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ. సన్న వైర్లు, నీరసించిన బ్యాటరీ దాన్ని తట్టుకోలేవు. కాబట్టి మీ అమ్మగారి పచ్చడి కోసం ప్యానెళ్లు పెంచక్కర్లేదు. మంచి ఇన్వర్టర్, దానికి తగ్గ ఫ్యూజు, లావుపాటి కేబుళ్లు కావాలి. మిక్సీ కూడా ఇక్కడి 110 వోల్టులదే అయ్యుండాలి సుమా.

ఇప్పుడు నా ట్రైలర్ మీద 600 వాట్లున్నాయి. లోపల ఒక్కోటి వంద ఆంప్ అవర్ల లిథియం బ్యాటరీలు రెండు, అంటే మొత్తం రెండున్నర యూనిట్లు. 2,000 వాట్ల ఇన్వర్టర్, ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెళ్ల నుంచి వీలైనంత కరెంటు రాబట్టి బ్యాటరీకి ఎక్కించేది). మీకు కూడా ఇదే నా సలహా. ప్యానెల్ మీద రాసిన వాట్లు రూఫ్ మీద పడుకోబెడితే రావు. మంచి ఎండలో అందులో మూడింట రెండు వంతులు పట్టుకోండి, ఐదు గంటల ఎండకి రెండు యూనిట్లు. డిసెంబర్‌లో అందులో సగం వచ్చినా సంతోషించాలి. రూఫ్ మీదున్న ఏసీ నీడ ఒక్క ప్యానెల్ మూల మీద పడినా రాబడి తగ్గుతుంది, నీడ పడే ప్యానెళ్లను ప్యారలల్‌లో కలపడమే మేలు. లిథియం బ్యాటరీని గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేయకూడదు. ట్రైలర్ లోపల పెట్టుకోండి, లేదా హీటర్ ఉన్నది కొనండి.

సోలార్‌తో రాత్రంతా ఏసీ అన్నవాడి మాట నమ్మకండి. ఒక్క రాత్రికి ఎనిమిది, పది యూనిట్లు తాగుతుంది, అంత రూఫ్ మీకు లేదు. వేసవిలో డబ్బులు కట్టి హుకప్ తీసుకోండి.

"సోలార్ రెడీ" స్టిక్కర్ సంగతి కూడా చెప్పేస్తా, కడుపుమంట. నా ట్రైలర్ మీదా ఉండేది. సేల్స్‌మన్ దాన్ని చూపించి ఏదో సగం పని అయిపోయినట్టే మాట్లాడాడు. విప్పి చూస్తే రూఫ్ నుంచి కిందికి ఒక జత వైర్లు, అంతే. కంట్రోలర్ లేదు, ప్యానెల్ లేదు. వంచే ప్యానెళ్లు కూడా కొనకండి, రూఫ్‌కి అతుక్కుని కింద గాలాడక వేడెక్కి తొందరగా చస్తాయి. ఇది నా అభిప్రాయమే కానీ మార్చుకోను.

అన్నిటికంటే ముందు షంట్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటుని కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ ఒకటి పెట్టించి, మీ ఇంటి డ్రైవ్‌వేలోనే ప్లగ్ పీకేసి, అందరూ అందులోనే వండుకుని తిని పడుకోండి. పొద్దున ఎన్ని యూనిట్లు పోయాయో చూసి అప్పుడు డీలర్‌కి ఫోన్ చేయండి. ఇంటి ముందు ట్రైలర్ ఎందుకు పెట్టారని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల దగ్గర్నుంచి లెటర్ వచ్చేలోపు రెండు రాత్రులైనా దొరుకుతాయి.