బడి యాజమాన్య కమిటీ మినిట్స్ బుక్కు (సమావేశాల తీర్మానాలు రాసే రిజిస్టరు) మామూలు తల్లిదండ్రులు చూడొచ్చా?

చూడొచ్చు. కమిటీలో లేకపోయినా, మీ పిల్లలు ఆ బడిలో చదవకపోయినా చూడొచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదని 2005 నాటి సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్‌లోనే ఉంది.

అయితే అందరూ ఇచ్చే సలహా నేనివ్వను. మొదటే జిరాక్స్ కాపీలు అడగొద్దు. "రిజిస్టరు స్వయంగా చూస్తాను" అని రాయండి. రికార్డు తనిఖీ చేసే హక్కు కూడా అదే చట్టం ఇచ్చింది, మొదటి గంటకి ఫీజు లేదు.

మాది చిత్తూరు పక్కన పల్లె. మా ప్రభుత్వ బడిలో ఆడపిల్లల బాత్రూములకి నీళ్లు రావు, మోటారు పాడు. మోటారు రిపేరుకి డబ్బు డ్రా చేశారని మాత్రం ఊరంతా తెలుసు. హెడ్మాస్టరుని అడిగితే "అది కమిటీ పుస్తకం సార్, బయటివాళ్లకి చూపకూడదు" అన్నాడు. సరేనని కాగితం పెట్టాను. చివరికి స్టాఫ్ రూములో ఓ మూల కుర్చీ వేసి, రిజిస్టరు చేతికిచ్చి, అటెండరుని ఎదురుగా కూర్చోబెట్టారు, నేనేదో పేజీ చించేస్తానన్నట్టు.

మోటారు తీర్మానం పేజీలో సంతకాలన్నీ నీలి ఇంకు, తీర్మానం నల్ల ఇంకు. పైన అక్షరాలు తీరిగ్గా, గుండ్రంగా ఉన్నాయి. కిందికొచ్చేకొద్దీ చిన్నవైపోయి, ఆఖరి రెండు లైన్లు సంతకాల నెత్తిమీద ఇరుక్కుని కూర్చున్నాయి. ముందు సంతకాలు పెట్టించుకుని తర్వాత తీర్మానం రాశారని ఇంకెవరైనా చెప్పాలా? జిరాక్స్‌లో రెండు ఇంకులూ ఒకటే నలుపు.

ఆ సంతకాల్లో మా వీధి అక్కది ఒకటుంది. అడిగితే "నాకేం తెల్సు నైనా, మధ్యాహ్న భోజనం బియ్యానికని చెప్పినారు, పెట్టినా" అంది. 2009 విద్యాహక్కు చట్టం కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్లుండాలంది. మనవాళ్లేమో ఆ ఎన్నికని సర్పంచి ఎన్నికలా పార్టీలు కట్టి గెలుస్తారు. గెలిచాక రాసింది చదవకుండా సంతకం పెడతారు. నా కోపం హెడ్మాస్టరు మీద కంటే వీళ్ల మీదే ఎక్కువ.

ఆ ఒక్క పేజీకీ, బిల్లుకీ, బ్యాంకు పాస్ బుక్కుకీ ధ్రువీకరించిన కాపీలు తీసుకున్నాను, పేజీకి రెండు రూపాయలు. తర్వాతి నెల మోటారు తిరిగింది. నా వల్లేనని నా నమ్మకం. నిధులు అప్పుడొచ్చాయని హెడ్మాస్టరు అంటాడు, అనుకోనివ్వండి.

దరఖాస్తులో "మోటారు ఎందుకు బాగు చేయలేదు" అని మాత్రం రాయకండి. ఎందుకు, ఏమిటి అంటే జవాబు ఎగ్గొట్టడానికి దారి ఇచ్చినట్టే. ఏ నెల మినిట్స్, ఏ పద్దు బిల్లు అని రికార్డు పేరు పెట్టి అడగండి. దరఖాస్తు ఫీజుకి పోస్టల్ ఆర్డరు కోసం తిరిగే పని కూడా లేదు, నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు. అది మా దగ్గర ఉండదని వెనక్కిస్తే ఒప్పుకోవద్దు, 5 రోజుల్లో సరైన ఆఫీసుకి వాళ్లే పంపాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే సమాచార కమిషన్. ఆలస్యానికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కి ఉంది.

అసలు మనం అడగకుండానే కొన్ని వివరాలు బయటపెట్టాలని 4వ సెక్షన్ చెబుతోంది. భోజనం మెనూ గోడకి పెయింట్ చేయించే బడి, ఆ పక్కనే జమా ఖర్చు రాయిస్తే సున్నం అయిపోతుందా?

మీది ప్రైవేటు బడి అయితే నేరుగా వాళ్లకి రాసి లాభం లేదు. చట్టప్రకారం వాళ్ల నుంచి డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు తెప్పించుకోగలిగిన సమాచారం ఏదైనా ఆ ఆఫీసునే అడగండి. ఆ బడికి ప్రభుత్వ గుర్తింపు ఇచ్చిన ఫైలుతో మొదలుపెట్టండి.