నాన్న వర్ధంతికి రక్తదాన శిబిరం పెడతానన్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ నాన్న వర్ధంతికి ఊళ్లో రక్తదాన శిబిరం పెడతానని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. ఆయన ఆపరేషన్‌కి ఎక్కించింది ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చిన రక్తమే కదా. ఇన్నేళ్లు బ్లడ్ బ్యాంకులో నర్సుగా చేసినదాన్ని, నాకు తెలిసింది రాసి పంపుతున్నాను.

ఫ్లెక్సీ డిజైన్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టు. ముందు బ్లడ్ బ్యాంకుకి వెళ్లు. లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకు వాళ్లే రక్తం తీయాలి, మనం చూసుకునేది ఏర్పాట్లే. నెల రోజుల ముందే కలిసి, ఏ రోజు వీలవుతుంది, ఎన్ని యూనిట్లు తీసుకోగలరు, ఏ గ్రూపులు తక్కువగా ఉన్నాయి అని అడుగు. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఒకే వారంలో చుట్టుపక్కల నాలుగు శిబిరాలు జరిగితే అంత రక్తం వాడలేక ఇబ్బంది పడతారు. తర్వాత నెలలో తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) ఉన్న పిల్లల తల్లిదండ్రులు దాతల కోసం ఊరంతా తిరుగుతారు. ఆ పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి మరి. నీ శిబిరం వాళ్లకి అవసరమైన రోజున జరగాలి.

వర్ధంతి మే నెలలో రావడం ఒక రకంగా మంచిదే. సెలవుల్లో కాలేజీల శిబిరాలు ఉండవు కాబట్టి వేసవిలో కొరత ఎక్కువ. ఎండ మాత్రం చూసుకోవాలి. ఉదయం 7 గంటలకి మొదలుపెట్టి 11 కల్లా ముగించెయ్యి. పెళ్లి ముహూర్తాలు కూడా చూడు. ఊళ్లో పెళ్లి ఉన్న రోజు పెడితే కుర్రాళ్లంతా అక్కడే ఉంటారు. తేదీ రెండు రోజులు అటూ ఇటూ అయితే మీ నాన్నకేం పట్టింపు లేదు, మీ అమ్మతో నేను మాట్లాడతాను.

200 మంది ఇస్తారని అందరికీ చెబుతున్నావట. అలా చెప్పకు. 3 గంటల్లో 50 నుంచి 70 మంది దగ్గర రక్తం తీయాలంటేనే నిబంధనల ప్రకారం ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ముగ్గురు టెక్నీషియన్లు, 6 నుంచి 8 మంచాలు ఉండాలి. మీ ఊరికి 60 మంది చాలు. అందుకు 100 పేర్లయినా రాసుకో, ఎందుకంటే వస్తామన్నవాళ్లందరూ రారు, వచ్చినవాళ్లందరూ పనికిరారు. 18 ఏళ్లు నిండాలి, 45 కిలోల బరువుండాలి, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకి తగ్గకూడదు. ఇంతకుముందు ఇచ్చి ఉంటే మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజులు దాటాలి.

వెనక్కి పంపాల్సినవాళ్ల గురించి అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించు. మన ఊళ్లలో ఆడపిల్లలకి రక్తహీనత ఎక్కువ. ధైర్యం చేసి వచ్చిన పిల్లని పదిమందిలో ‘నీకు రక్తం లేదు పో’ అంటే ఆ అమ్మాయి మళ్లీ ఏ శిబిరానికీ రాదు. ఆశా కార్యకర్తని ముందే పిలిచి ఒక పక్కన కూర్చోబెట్టు. హిమోగ్లోబిన్ తక్కువ వచ్చినవాళ్లతో ఆవిడ నెమ్మదిగా మాట్లాడి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రలు ఇప్పిస్తుంది. వాళ్లకీ టిఫిన్ పెట్టు. ఎవరైనా పేరు రాయించుకుని చివర్లో వద్దనుకుంటే కారణం అడగొద్దు, మైకులో పేర్లు పిలవొద్దు. ఏదో జబ్బు ఉందని తెలిసి తప్పుకుంటున్నవాణ్ణి స్నేహితులు ఎగతాళి చేసి మంచం ఎక్కిస్తే ప్రమాదం ఆ రక్తం ఎక్కించుకునేవాళ్లకి. పరీక్షలు చేస్తారు, నిజమే, కానీ సోకిన కొత్తలో కొన్ని జబ్బులు పరీక్షకి అందవు. దాతలకి హెల్మెట్లలాంటి బహుమతులు వద్దనేదీ ఇందుకే. ఆశపడి వచ్చినవాడు జబ్బు దాస్తాడు.

చోటుకి హైస్కూలు బాగుంటుంది, ఎలాగూ సెలవులు. హెడ్మాస్టరు గారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో. కరెంటు పోతే జనరేటర్ ఉండాలి. వారం ముందు నీ స్నేహితులతో గేటు నుంచి నడిచి చూడు: పేర్లు ఎక్కడ రాస్తారు, పరీక్ష ఎక్కడ, మంచాలెక్కడ, ఇచ్చాక ఎక్కడ కూర్చుంటారు. ఒక్కో చోటికి ఒక్కో మనిషిని పెట్టు. అన్నీ నువ్వే చూసుకుంటానంటే ఆ రోజు టెన్షన్‌తో ఒక్క పనీ సరిగ్గా చూడలేవు.

దాతలు ఖాళీ కడుపుతో రాకూడదు. ఇంట్లో తినకుండా వచ్చేస్తారు కాబట్టి ఇడ్లీ 6:30కే సిద్ధంగా ఉండాలి. ఇచ్చాక కనీసం పావుగంట కూర్చోబెట్టి నీళ్లు, జ్యూస్, బిస్కెట్లు ఇవ్వండి. వెంటనే బండెక్కనివ్వొద్దు. ముఖ్య అతిథి కోసం ఎవరినీ ఆపొద్దు. ఎమ్మెల్యే గారు ఎప్పుడొస్తే అప్పుడే దండ వేయించు, పని మాత్రం 7కే మొదలవ్వాలి.

మర్నాడు అందరికీ ఫోన్లు చేసి ఎలా ఉన్నారో కనుక్కోండి. గ్రూపులతో సహా దాతల పేర్లు రాసుకున్న పుస్తకం నీ దగ్గరే భద్రంగా ఉంచు, ఎవరికీ ఫోటో తీసి పంపకు.

ఈ వారంలో బ్లడ్ బ్యాంకుకి వెళ్లి, వాళ్లు ఏ తేదీ ఇచ్చారో చెప్పు. ముందురోజు సాయంత్రానికే నేను వచ్చేస్తాను. ఇచ్చాక కూర్చునే చోట నన్ను ఉంచు, కళ్లు తిరిగేవాళ్లని నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ