పెద్ద అంకెలున్న గైడ్ దగ్గరే చేరాలా?

ప్రశ్న: అనస్థీషియాలో పీజీ పూర్తి కావస్తోంది. క్రిటికల్ కేర్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇద్దరు గైడ్‌లు ఒప్పుకున్నారు. ఒకరికి గూగుల్ స్కాలర్‌లో 30,000 పైచిలుకు సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 62. రెండోవారికి 1,400 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 17. పెద్దాయన దగ్గరే చేరమని నాన్న పట్టుబడుతున్నారు. నాకేమో రెండోవారితో మాట్లాడాకే చేయాల్సిన పని ఏమిటో స్పష్టంగా అర్థమైంది. ఎటు వెళ్లను?

జవాబు: మీ నాన్నగారు అలా అనుకోవడం సహజమే. అయితే క్రిటికల్ కేర్‌లో, అంటే ఐసీయూ వైద్యంలో, సైటేషన్లు (ఒకరి పేపర్‌ను వేరేవాళ్లు తమ పేపర్లలో ఉటంకించిన సందర్భాలు) పోగయ్యే తీరు వేరు. అది తెలుసుకోకుండా 30,000 అనే అంకె చూసి నిర్ణయం తీసుకోవద్దు.

ముందు పెద్దాయన ప్రొఫైల్ తెరవండి. గూగుల్ స్కాలర్ పేపర్లను సైటేషన్ల వరుసలో పెడుతుంది కాబట్టి ఘనకార్యాలే పైన కనిపిస్తాయి. ఆ నాలుగైదూ ఏమిటో చదవండి. అవి వ్యాధి నిర్వచనాలో, చికిత్స మార్గదర్శకాలో, తీవ్రతను లెక్కగట్టే స్కోర్లో అయి ఉండొచ్చు. 1985 నాటి అపాచీ-2, 1996 నాటి సోఫా స్కోర్లనే తీసుకోండి. ఐసీయూ రోగుల గురించి పేపర్ రాసేవాళ్లు తమ రోగుల పరిస్థితి ఎంత విషమమో చెప్పడానికి వీటిలో ఏదో ఒకటి వాడుతుంటారు, వాడితే సైటేషన్ ఇస్తారు. సెప్సిస్‌కు (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడంతో అవయవాలు దెబ్బతినే స్థితికి) 2016లో వచ్చిన సెప్సిస్-3 నిర్వచనమూ అంతే. ఆ పేపర్‌కు 19 మంది రచయితలు. దానికొచ్చే సైటేషన్లను 19 మందికీ పంచరు, ప్రతి ఒక్కరి ఖాతాలోనూ మొత్తం పడుతుంది.

అలాంటి నిర్వచనాలు రాసే కమిటీలో చోటు దొరకడం చిన్న విషయం కాదు, ఆ రంగంలో ఆయన మాట చెల్లుతుందనే అర్థం. మీ థీసిస్ చాప్టర్ చదవడానికి ఆయనకు తీరిక ఉంటుందా అన్నది మాత్రం ఆ అంకెలో ఉండదు.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. కనీసం 17 సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు 17 ఉంటే ఇండెక్స్ 17. ఒకరికి ఐదే పేపర్లుండి, వాటికి వరుసగా 2,000, 900, 300, 6, 4 సైటేషన్లు వచ్చాయనుకుందాం. ఆయన హెచ్-ఇండెక్స్ 4! వయసు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుందే గానీ తగ్గదు. కాబట్టి ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషినీ పదేళ్ల సర్వీసున్న మనిషినీ దీనితో పోల్చడం అన్యాయం.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. సైటేషన్ అంటే ఒప్పుకోలు కాదు. 2001లో సెప్సిస్ రోగులకు మొదటి ఆరు గంటల్లో కచ్చితమైన లక్ష్యాలు పెట్టుకుని చికిత్స చేస్తే మరణాలు 46.5 శాతం నుంచి 30.5 శాతానికి తగ్గాయని ఒక పేపర్ వచ్చింది. ఒకే ఆస్పత్రి, 263 మంది రోగులు. చాలా దేశాల ఐసీయూలు ఆ పద్ధతిని అందుకున్నాయి. తర్వాత 2014, 2015లో ప్రాసెస్, అరైజ్, ప్రామిస్ అనే మూడు పెద్ద ట్రయల్స్‌లో 4,000 మందికి పైగా రోగులపై పరీక్షిస్తే, మామూలు చికిత్సకంటే అది మెరుగని తేలలేదు. 'ఇది నిలబడలేదు' అని రాసిన పేపర్లు కూడా ఆ పాత పేపర్ ఖాతాలో సైటేషన్లుగానే చేరాయి. మరోవైపు, వెంటిలేటర్ మీద ఉన్న ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న) రోగికి కిలోకు 12 మిల్లీలీటర్లు కాకుండా 6 మిల్లీలీటర్ల టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకు పంపే గాలి) చాలని 861 మందిపై చూపించిన 2000 నాటి ట్రయల్ ఇప్పటికీ ఐసీయూలో రోజూ పనికొస్తోంది. రెండింటికీ వేలల్లో సైటేషన్లు. ఏది నిలబడిందో అంకె చెప్పదు, చదివితేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఇద్దరి ప్రొఫైళ్లలోనూ 'ఇయర్' అన్నచోట నొక్కి గత ఐదేళ్ల పేపర్లు చూడండి. వైద్య పేపర్లలో సాధారణంగా పని చేసినవారి పేరు మొదట, నడిపించినవారి పేరు చివర ఉంటుంది. గైడ్ పేరు చివర ఉండి, మొదటి పేరు ఆయన విద్యార్థిదైన పేపర్లు ఎన్నో లెక్కపెట్టండి. నన్నడిగితే మీకు కావాల్సిన అంకె అదొక్కటే. పెద్దాయన పేరు ఎక్కడో మధ్యలోనే కనిపిస్తుంటే, ఆయన పేరున్న పేపర్లు చాలావరకు వేరేవాళ్లు నడిపినవని అనుకోవచ్చు.

ఐసీయూ ట్రయల్స్‌కు ఏళ్లు పడుతుంది. రోగి స్పృహలో ఉండడు, కంగారులో ఉన్న బంధువుల దగ్గర అనుమతి తీసుకోవాలి, నెలకు ఒకరిద్దరు చేరితే గొప్ప. పెద్ద ట్రయల్‌లో మీరు రాత్రింబగళ్లు డేటా నింపినా, చివరికి వందలమంది కొలాబరేటర్ల జాబితాలో ఒక పేరుగా మిగిలిపోవచ్చు. చేరేముందే 'నా థీసిస్‌కు డేటా ఎక్కడిది, ఫస్ట్ ఆథర్ ఎవరు?' అని మొహమాటపడకుండా అడగండి.

మీరు రాసినదాన్ని బట్టి నా మొగ్గు రెండోవారి వైపే. కుదిరితే పెద్దాయనను కో-గైడ్‌గా అడగండి, మీ నాన్నగారి టెన్షనూ కొంత తగ్గుతుంది. రేపు ఉద్యోగానికో ఫెలోషిప్‌కో వెళ్తే, చూసేది మీరు ఫస్ట్ ఆథర్‌గా రాసిన పేపర్లే గానీ మీ గైడ్ హెచ్-ఇండెక్స్ కాదని నాన్నగారికి చెప్పండి. పెద్దాయన సిఫార్సు లేఖకు విలువ ఉంటుంది, అయితే ఆయనకు మీ పని స్వయంగా తెలిసి ఉండాలి.

ఖాయం చేసుకునే ముందు ఇద్దరి దగ్గరా ఈమధ్యే పీహెచ్‌డీ ముగించినవాళ్లకు ఫోన్ చేసి, డ్రాఫ్ట్ పంపితే ఎన్ని రోజులకు తిరిగొచ్చేదో అడగండి.