స్టేషన్ గేటు దాకా: ఎంఎంటీఎస్ చుట్టూ దారి, బస్సు, పార్కింగ్ – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు 2003 ఆగస్టులో మొదలయ్యాయి. రెండో దశలో 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ వైపు, 2024 మార్చిలో ఘట్‌కేసర్ వైపు సర్వీసులు వచ్చాయి. ఈ రెండు దారుల పొడవునా ఇప్పుడు వెంచర్లు, అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఈసారి మాకు అందిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒక్క చోటే ఆగాయి: ఇంటి గుమ్మానికీ స్టేషన్ గేటుకూ మధ్య ఉన్న ఆ కాస్త దూరం దగ్గర.

ప్రశ్న: మా పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ల బ్రోచర్‌లో ‘స్టేషన్ 400 మీటర్లు’ అని వేశారు. నడిస్తే ఇరవై నిమిషాలు పడుతోంది. కాలనీ సంఘం తరఫున ఎవరిని, ఏమని అడగాలి?
– కాలనీ సంఘం సభ్యురాలు, ఘట్‌కేసర్

బ్రోచర్‌లో వేసింది మ్యాపు మీద గీత గీసి కొలిచిన దూరం. మామూలుగా నడిచే మనిషి నిమిషానికి 75 నుంచి 80 మీటర్లు వెళ్తాడు. ఇరవై నిమిషాలంటే మీరు కిలోమీటరున్నర నడుస్తున్నారన్నమాట. మధ్యలో రైల్వే ప్రహరీయో, నాలానో, గేటెడ్ కమ్యూనిటీ గోడో అడ్డం ఉండి ఉంటుంది. లేదా స్టేషన్‌కు ఒకవైపే గేటు ఉండి, మీరు రెండో వైపు ఉండి ఉంటారు.

కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన జాతీయ టీఓడీ (రవాణా కేంద్రంగా ఊరి అభివృద్ధి) విధానం స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల వరకు ప్రభావ ప్రాంతంగా లెక్కేస్తుంది. 800 మీటర్ల వృత్తం గీస్తే లోపల రెండు చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 500 ఎకరాలు వస్తాయి. కాగితం మీద బాగానే కనబడుతుంది. అందులో నిజంగా కాలినడకకు అందేది ఎంతో మీరే తేల్చవచ్చు. ప్రాంతం మ్యాపు ప్రింటు తీయండి. నలుగురైదుగురు స్టేషన్ గేటు దగ్గర బయల్దేరి, ఒక్కొక్కరు ఒక్కో దారిలో పది నిమిషాలు నడిచి, ఆగిన చోట చుక్క పెట్టండి. చుక్కలు కలిపితే వచ్చే ఆకారాన్ని వృత్తంతో పోల్చండి. వీధులన్నీ గళ్ల కాగితంలా నిలువుగా, అడ్డంగా ఉన్న ఊళ్లో కూడా ఈ ఆకారం వృత్తం వైశాల్యంలో 64 శాతం దాటదు. 50 వస్తే చాలా మంచిది. 30 లోపు వస్తే ఎక్కడో ఒకటి రెండు చోట్ల దారి తెగిపోయిందని అర్థం. ఆకారం ఏ వైపు నొక్కుకుపోయిందో చూస్తే ఆ చోటు దొరుకుతుంది.

చాలాసార్లు మందు చిన్నదే: నాలా మీద కాలినడక వంతెన, గోడలో మూడు మీటర్ల తోవ, రెండో వైపు ఒక గేటు. కానీ లేఅవుట్ అనుమతి దశలోనే అడగాలి. ప్లాట్లు అమ్ముడయ్యాక అదే మూడు మీటర్ల కోసం భూసేకరణకు వెళ్లాలి, ఏళ్లు పడుతుంది.

నడిచేటప్పుడు టేపు కూడా పట్టుకెళ్లండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్‌పై అడ్డంకులేమీ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ఫుట్‌పాత్ మొత్తం వెడల్పు కొలిచి సరిపెట్టుకోకండి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకూ గోడకూ మధ్య మిగిలిన జాగా కొలవండి. అక్కడ 70 సెంటీమీటర్లే ఉంటే ఆ దారి మొత్తం వెడల్పు 70 సెంటీమీటర్లే. చక్రాల కుర్చీకి 90 కావాలి.

ఇక అర్జీ సంగతి. రైల్వే గోడకు లోపలిది దక్షిణ మధ్య రైల్వే డివిజన్ కార్యాలయం చూస్తుంది. బయటి రోడ్డు, దీపాలు, డ్రైనేజీ స్థానిక పురపాలన సంస్థవి. లేఅవుట్ అనుమతుల విషయం హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) దగ్గర అడగాలి. ముగ్గురికీ ఒకే మ్యాపు జత చేయండి, కానీ ఒక్కొక్కరినీ వారి పరిధిలోనిదే అడగండి. ముగ్గురినీ అన్నీ అడిగితే ‘ఇది మా పరిధి కాదు’ అనే ఒక్క వాక్యంతో మూడు చోట్లా ఫైలు మూతపడుతుంది. రెండో గేటు విషయంలో మామూలుగా జరిగే పొరపాటు ఏమిటంటే, గేటు తెరిచాక బయట రోడ్డు ఉండదు, లేదా రోడ్డు వేశాక అది గోడ దగ్గర ఆగిపోతుంది. అందుకని ఉమ్మడి తనిఖీ అడగండి. తనిఖీ రోజున ఎవరు ఏ పని, ఎప్పటిలోగా చేస్తారో రాసి సంతకాలు పెట్టించండి. కదలిక లేకపోతే ఆ కాగితం నకలు జత చేసి సమాచార హక్కు చట్టం కింద పురోగతి అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇంకొకటి. గోడ విరిగిన చోట జనం పట్టాలు దాటుతుంటే ఉదయం 7 నుంచి 10 వరకు అక్కడ లెక్క తీయండి, పదిహేను నిమిషాలకో అంకె చొప్పున. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అలా దాటడం నేరం: ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంతకంటే ముందు ప్రాణాపాయం. అయినా జనం అక్కడే దాటుతున్నారంటే అక్కడ దారి కావాలన్నమాట. పాదచారుల వంతెన అడగడానికి అంతకు మించిన రుజువు లేదు.

ప్రశ్న: స్టేషన్ ఎదుట ఎకరం ప్రభుత్వ స్థలం ఉంది. అంతా పార్కింగ్‌కు ఇవ్వాలని కొందరు అంటున్నారు. సరైనదేనా?
– మాజీ వార్డు సభ్యుడు, మేడ్చల్ మార్గం

కార్లకైతే వద్దు. ఒక కారుకు, అది తిరిగే దారితో కలిపి 25 నుంచి 30 చదరపు మీటర్లు పడుతుంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, దాదాపు 145 కార్లు పడతాయి. ఆఫీసుకు వెళ్లేవారి కారు పొద్దున పెడితే సాయంత్రం దాకా కదలదు. కారుకు 1.2 మంది చొప్పున వేసుకున్నా ఎకరం నేల రోజుకు 175 మందికి ఉపయోగపడుతుంది. అదే ద్విచక్ర వాహనానికి దారితో కలిపి 3 చదరపు మీటర్లు చాలు, ఎకరంలో 1,300 పైగా పడతాయి. ఇక ఒక్క బస్సు బే (బస్సు ఆగే జాగా) చాలు, పది నిమిషాలకో బస్సు వస్తే పొద్దున మూడు గంటల్లో 18 ట్రిప్పులు, ట్రిప్పుకు 40 మంది చొప్పున 720 మంది.

కాబట్టి గేటును ఆనుకున్న జాగా నడిచేవారికి, తర్వాతిది బస్సుకు, దాని వెనక సైకిళ్లు, బైకులు. కార్లు ఆఖర్న, అదీ రుసుము కట్టి. పార్కింగ్‌ను కాంట్రాక్టుకు ఇచ్చేటప్పుడు ఏ వాహనానికి ఎన్ని చదరపు మీటర్లో ఒప్పందంలోనే రాయించండి. లేకపోతే కాంట్రాక్టరు డబ్బు ఎక్కువ వచ్చే కార్లను గేటు దగ్గరికి తెచ్చి, బైకులను మూలకు నెడతాడు. ఆ బైకులు మర్నాటి నుంచి రోడ్డు మీదుంటాయి. బైకుల వరస మీద రేకుల కప్పు, రాత్రి వెలుతురు, నెలవారీ పాసు ఉండి తీరాలి. చివరి రైలు దిగే ఆడవాళ్లు చీకటి మూలకు వెళ్లి బండి తీసుకోవలసి వస్తే, రెండో నెల నుంచి రైలెక్కడమే మానేస్తారు.

ప్రశ్న: చర్లపల్లి టెర్మినల్ వచ్చాక మా రోడ్డు మీద ఆటోలు, క్యాబ్‌లు నిండిపోతున్నాయి. దింపి వెళ్లడానికి ఎంత జాగా వదిలితే చాలు?
– స్థానిక దుకాణదారు

2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక అక్కడికి వచ్చే ప్రయాణికుడి తీరే మారింది. లోకల్ రైలు ఎక్కేవాడు చేతిసంచితో దిగి వెళ్తాడు. దూరప్రయాణం వాళ్లు రెండు సూట్‌కేసులు, పిల్లలు, సాగనంపే బంధువులతో వస్తారు. ముందువారికి బండి అరనిమిషం ఆగితే చాలు, వెనకవారికి రెండు మూడు నిమిషాలు.

లెక్క ఇలా వేయండి. గంటకు 120 వాహనాలు, ఒక్కొక్కటి ఒక నిమిషం ఆగుతుందనుకుందాం. సగటున ఏ క్షణమైనా రెండు వాహనాలు నిలబడి ఉంటాయి. అలాగని రెండు బేలు కడితే కుదరదు, వాహనాలు వరుస తప్పకుండా రావు, గుంపుగా వస్తాయి. ఐదు బేలుంటే గంటలో చాలా కొద్ది నిమిషాలు తప్ప రోడ్డు మీదికి క్యూ రాదు. బేకు ఆరు మీటర్ల చొప్పున 30 మీటర్లు. ఆగే సమయం రెండు నిమిషాలైతే సగటే నాలుగవుతుంది, అప్పుడు ఎనిమిది బేలు వేసుకోవాలి. అందుకే ముందు గడియారం పట్టుకుని ఆగే సమయం కొలవాలి, ఆ తర్వాతే సిమెంటు.

ఆటోల స్టాండు వేరే. సవారీ కోసం కాచుకునే బండిని దింపే చోట నిలబడనిస్తే ఐదు బేలూ పది నిమిషాల్లో స్టాండుగా మారిపోతాయి. పది ఆటోలకు, ఒక్కోదానికి మూడు మీటర్ల చొప్పున 30 మీటర్ల ఒంటి వరుస, గేటు నుంచి బయటికొచ్చే వైపు కనబడేలా పెట్టాలి. మరీ దూరంగా నెడితే ఎవరూ అక్కడ ఉండరు, మళ్లీ గేటు ముందుకే వస్తారు.

ప్రశ్న: స్టేషన్‌కు ఫీడర్ బస్సు వేశారు, కానీ ఖాళీగా తిరుగుతోంది. ఎందుకు?
– విద్యార్థి, లింగంపల్లి

టైమింగు చూడండి. రైలు 45 నిమిషాలకు ఒకటి, బస్సు 30 నిమిషాలకు ఒకటి అనుకుందాం. రెండూ 90 నిమిషాలకు ఒక్కసారే కలుస్తాయి. మిగతా రైళ్లు దిగినవారికి బస్సు అప్పుడే వెళ్లిపోయిందో, ఇంకా పావుగంట ఉందో. రెండు రోజులు అలా జరిగితే మూడో రోజు షేర్ ఆటో ఎక్కుతారు. బస్సు విరామం రైలు విరామంతో సమానంగానో, అందులో సగంగానో ఉండాలి.

రైలు ఆగిన వెంటనే బస్సు బయల్దేరకూడదు. ఒక రైలు నుంచి 300 మంది దిగారనుకోండి. మెట్ల వెడల్పు మీటరుకు నిమిషానికి 30 మంది లెక్కన 2.4 మీటర్ల మెట్ల మీదుగా అందరూ బయటపడడానికి నాలుగు నిమిషాల పైన పడుతుంది, బస్సు దాకా నడక ఇంకో రెండు. కాబట్టి రైలు టైముకు ఎనిమిది నిమిషాలు కలిపి బస్సు టైము పెట్టాలి. రైలు ఆలస్యమైతే ఐదు నిమిషాల దాకా ఆగవచ్చు. అంతకు మించి ఆపితే ముందు స్టాపుల్లో ఉన్నవాళ్లకు అన్యాయం.

బస్సు రకం కూడా ముఖ్యం. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఫీడర్‌గా టికెట్టు కొనాల్సిన బస్సు వేస్తే వాళ్లు ఉచిత బస్సు కోసం మెయిన్ రోడ్డు దాకా నడుస్తారు. ఆడవాళ్లకు ఇచ్చే ఉచిత ‘జీరో’ టికెట్లతో సహా ప్రతి టికెట్టూ కండక్టరు మెషీన్‌లో నమోదవుతుంది. ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కుతున్నారో డిపో మేనేజర్‌ను అడగండి.

ప్రశ్న: అండర్‌పాస్ మంచిదా, పైవంతెన మంచిదా? మా ఆర్‌యూబీ (పట్టాల కింది రోడ్డు) ప్రతి వానకూ మునుగుతోంది.
– రిటైర్డ్ ఉద్యోగి, సికింద్రాబాద్

పైవంతెన ఎక్కడమే కష్టం. విద్యుత్ తీగల మీదుగా పోవాలి కాబట్టి రోడ్డు నుంచి దాదాపు ఏడు మీటర్లు ఎక్కాలి, 150 మిల్లీమీటర్ల మెట్లయితే 45 పైన. ర్యాంపు వేద్దామంటే ఒకటికి పన్నెండు వాలులో 84 మీటర్లు, మధ్యలో ఆగే చదునులతో కలిపి వంద మీటర్లకు దగ్గర. కనుక లిఫ్టు తప్పదు, ఒకటి పాడైతే వాడుకోవడానికి రెండోది కూడా. కాలినడక సబ్‌వే అయితే 25, 30 మెట్లు దిగితే చాలు. వయసు పైబడినవారికి అదే నయం, నీళ్లు రాకపోతే.

ఆ నీళ్ల సంగతి. ర్యాంపుల మీద పడే వాన ఎక్కువేమీ కాదు. 2,000 చదరపు మీటర్ల మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు, సెకనుకు 28 లీటర్లు. మామూలు పంపు తోడేస్తుంది. మునిగేది చుట్టుపక్కల వీధుల నీళ్లు కూడా లోపలికి దిగడం వల్ల. రెండు హెక్టార్ల నీళ్లు వచ్చి పడితే పదింతలు. అందుకని ముందు ర్యాంపు మొదట్లో రోడ్డును 30 సెంటీమీటర్లు ఎత్తు చేయాలి, అక్కడే అడ్డంగా జాలీ కాలువ వేయాలి. అది పాలిథిన్ కవర్లతో పూడిపోతుంది, మే నెలాఖరుకల్లా తీయించాలి. సంపు, రెండు పంపులు, జనరేటరు ఆ తర్వాత. పెద్ద వానకు కరెంటు పోయేది కూడా అదే సమయంలో, కాబట్టి జనరేటరు లేని పంపు లెక్కలోకి రాదు.

కొత్త ఆర్‌యూబీ డిజైన్ దశలో ఉంటే ఒకటి పట్టుబట్టండి. బస్సు, లారీ పోవడానికి కావలసినంత ఎత్తు మనిషికి అక్కర్లేదు, రెండున్నర మీటర్లు చాలు. కాబట్టి లోపలి నడకదారిని రోడ్డు కంటే మీటరున్నర, రెండు మీటర్లు ఎత్తున రెయిలింగుతో కట్టవచ్చు. దిగేదీ ఎక్కేదీ తగ్గుతుంది, రోడ్డు మునిగినా మనిషి పొడి కాళ్లతో వెళ్తాడు. తర్వాత చేర్చడం కష్టం, పట్టాల కింద కట్టే కాంక్రీటు బాక్సు వెడల్పు ముందే అందుకు తగినట్టు పెట్టాలి.

ప్రశ్న: హైటెక్ సిటీ ఎంఎంటీఎస్‌లో దిగి హైటెక్ సిటీ మెట్రో ఎక్కవచ్చా?
– కొత్తగా ఉద్యోగంలో చేరినవారు

పేరు ఒకటే, చోట్లు వేరు. నడిచి మారే దూరం కాదు. మెట్రో మారాలంటే బేగంపేట, ఖైరతాబాద్, భరత్‌నగర్, మలక్‌పేటల్లో ఎక్కడైనా దిగండి.

ప్రశ్న: రైల్వే గోడ పక్కనే నాకు స్థలం ఉంది. ఇల్లు కట్టుకోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు

తెలంగాణ భవన నిర్మాణ నిబంధనల (2012) ప్రకారం రైల్వే ఆస్తి సరిహద్దు నుంచి భవనం అంచు దాకా 30 మీటర్లు వదలాలి, లేదా రైల్వే నిరభ్యంతర పత్రంలో ఎంత చెబితే అంత. ఆ 30 మీటర్లు గోడ నుంచి కాకుండా సరిహద్దు నుంచి కొలుస్తారు, గోడ చాలాచోట్ల సరిహద్దుకు లోపలికి ఉంటుంది. అందుకని ప్లాను గీయించే ముందు డివిజన్ ఇంజనీరింగ్ విభాగంతో సరిహద్దు రాళ్లు గుర్తించుకోండి. సేల్‌డీడ్ కొలతలు, లింకు డాక్యుమెంట్లు, సర్వే స్కెచ్ తీసుకెళ్లండి.