సందేహాలు – సమాధానాలు: కానుక 'చెల్లించవలెను' అనవచ్చా?

సందేహం: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్. మా క్రైస్తవ సంఘం నోటీసులో 'ప్రతి కుటుంబము దశాంశము, కానుక, చందా తప్పక చెల్లించవలెను' అని వేశారు. ఒడియా క్రైస్తవులు 'దశమాంశ' అంటారు కనుక ఇది ఒప్పేనని కొందరి వాదన. దేవునికి ఇచ్చే ఆ పదో వంతు రాబడిని 'దశమభాగం' అనాలని పెద్దలంటున్నారు. ఏది సరి? మూడింటికీ 'చెల్లించు' పొసుగుతుందా?

సమాధానం: 'దశాంశము' మార్చండి. సంస్కృతంలో దానికి పదో వంతనే అర్థం ఉన్నమాట నిజమే. కానీ తెలుగు బడిలో చదివినవారికి దశాంశమంటే లెక్కల్లో చుక్క పెట్టి రాసే సంఖ్య. ఒడియాలో ఆ లెక్కకు 'దశమిక' అని వేరే మాట ఉంది కాబట్టి వారికి 'దశమాంశ'తో చిక్కు లేదు. తెలుగులో 'దశమాంశం' అన్నా తప్పు కాదు. అయితే 'మ' జారిపోయి మళ్లీ దశాంశమే అవుతుంది, మీ నోటీసులో జరిగిందదే. తెలుగు బైబిలులో దశమభాగము, పదియవ భాగము, పదియవ వంతు అని మూడు రకాలుగానూ ఉంది. మీ పెద్దల మాటే ఉంచండి.

అసలు చూడవలసింది క్రియను. 'చెల్లించు' అంటే ముందే ఉన్న బాధ్యత తీర్చడం: అప్పు, పన్ను, మొక్కుబడి చెల్లిస్తాం. దశమభాగానికి ఈ క్రియ అతుకుతుంది. బైబిలులోని లేవీయకాండము 27వ అధ్యాయంలో దశమభాగం 'యెహోవా సొమ్ము'. పంటలో ఆ భాగాన్ని తానే ఉంచుకుని బదులుగా డబ్బు ఇవ్వదలచినవాడు విలువకు అయిదో వంతు కలపాలి. వెయ్యి రూపాయల ధాన్యానికి 1,200 అన్నమాట. యాకోబు మొక్కుకున్నదీ, లూకా 18లో పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు శాఖవాడు) చెప్పుకున్నదీ పదియవ వంతు 'చెల్లించడం' గురించే. క్రొత్త నిబంధన విశ్వాసికి పదో వంతు విధి కాదని నమ్మే సంఘాలూ ఉన్నాయి. వారు 'ఇచ్చు' అనే రాసుకోవాలి, ఎందుకంటే 'చెల్లించు' అన్నప్పుడే ఒక పక్షం తీసుకున్నట్టు.

కానుకకు మాత్రం 'చెల్లించు' బొత్తిగా కుదరదు. రెండవ కొరింథీయులు 9:7లో అపొస్తలుడైన పౌలు సణుగుకోకుండా, బలవంతం లేకుండా, ఎవరి హృదయంలో నిశ్చయించుకున్నంత వారు ఇవ్వాలన్నాడు. అక్కడి క్రియ 'ఇయ్యవలెను'. కానుక ఇస్తాం, అర్పిస్తాం, సమర్పిస్తాం. చెల్లించేదైతే బాకీ కూడా పడుతుంది. 'గత నెల కానుక బకాయి' అని రసీదు రాసే దాకా పోతుంది. మార్కు 12లో రెండు కాసులు వేసిన బీద విధవరాలికి ఇంత ఇవ్వాలని ఎవరూ లెక్క కట్టలేదు. ఇది మాటల పట్టింపు కాదు, ఇవ్వలేని ఇంటివారు ఆరాధనకు రావడానికి సిగ్గుపడేలా చేసే తప్పు.

చందా పారసీ నుంచి వచ్చిన మాట. ఒడియా ఇరుగుపొరుగూ 'చాందా' అంటారు. మొదటి కొరింథీయులు 16లో యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగుచేసినది ఇదే: ప్రతి ఆదివారం, ఎవరు వర్ధిల్లిన కొలది వారు తమ దగ్గర నిలువ చేయడం. అంటే చందాకు ఒక పని ముందే చెప్పి ఉంటుంది. రసీదులో 'చందా' అని ఊరుకోకుండా 'పైకప్పు చందా', 'బీదల చందా' అని రాయాలి. లేకపోతే అది మామూలు ఖర్చుల్లో కలిసిపోతుంది, ఇచ్చినవారు అడిగితే చూపడానికి ఏమీ ఉండదు. చందా వేస్తారు, ఇస్తారు, పోగుచేస్తారు.

నోటీసును ఇలా దిద్దుకోవచ్చు: 'దశమభాగము చెల్లించువారు కవరుపై పేరు వ్రాయగలరు. కానుకలు ఇష్టపూర్వకముగా అర్పించవచ్చును. పైకప్పు చందా ఇచ్చువారు విడిగా రసీదు తీసికొనగలరు.' 'తప్పక' అన్నది కానుక పక్కన ఉండకూడదు కనుక తీసేశాను. దశమభాగం విషయంలో ఆ మాట కావాలంటే మొదటి వాక్యంలోనే చేర్చండి.