బ్యాటరీ పోవడం అత్యవసరమేమీ కాదు

ప్రశ్న: మూడేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, అత్తగారు ఉన్నారు. ఈ ఏడాది బ్యాటరీ పోయింది, తర్వాత టైర్లు మార్చాం. రెండుసార్లూ అత్యవసర నిధే కరిగింది. ఎమర్జెన్సీ కిట్, దారిలో కారు ఆగితే వచ్చి సాయం చేసే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కొంటే ఈ ఖర్చులు ఆగుతాయా?

జవాబు: ఆగవండి. బ్యాటరీ మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు వస్తుంది. టైరు వయసు దాని పక్క గోడ మీదే రాసి ఉంటుంది. DOT అనే అక్షరాలున్న వరుసలో చివరి 4 అంకెలు 2321 అయితే, అది 2021లో 23వ వారం తయారైందని. ఇలా ముందే కబురు పెట్టి వచ్చే ఖర్చుకు అత్యవసర నిధి ముట్టుకోవడం నాకు నచ్చదు. అది ఉద్యోగం పోయిన రోజు కోసం.

కారుకు విడిగా ఒక ఖాతా పెట్టండి. బ్యాటరీ ధరను 48తో (నాలుగేళ్ల నెలలు), టైర్ల ధరను 60తో (ఐదేళ్ల నెలలు), ఏడాది సర్వీసింగ్, బీమా ప్రీమియం కలిపి 12తో భాగించండి. వచ్చిన మూడింటినీ కూడి, ఆ మొత్తాన్ని జీతం పడిన రోజే అందులో వేయండి. క్లెయిమ్‌లో మీ వాటాగా కట్టాల్సిన డబ్బు కూడా అక్కడే పోగవ్వాలి. చిన్న గీతకు క్లెయిమ్ పెట్టేముందు, పోయే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంతో చూసుకోండి. చాలాసార్లు చేతి డబ్బుతో బాగు చేయించుకోవడమే చవక.

కిట్ సంగతి. ముందు డిక్కీ తెరిచి స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్ చూడండి. చక్రాలకు లాక్ నట్లుంటే వాటిని విప్పే ప్రత్యేక సాకెట్ ఉందా? పాత యజమాని ఇంట్లోనే ఉండిపోయి ఉండొచ్చు. నా కారులో అది లేదని పంక్చరైన రాత్రే తెలిసింది. మంచి స్టెప్నీ ఉండి కూడా టోయింగ్‌కు డబ్బు కట్టాను! స్టెప్నీకి బదులు సీలెంట్ (పంక్చర్ పూడ్చే ద్రవం) ఇచ్చిన కారైతే దాని గడువు తేదీ చూడండి. టైరు పక్క చీలితే అది పనికిరాదు కాబట్టి, అలాంటి కారుకు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకోవచ్చు. మీ బీమాలో ఇప్పటికే ఉందేమో, ఎన్ని కిలోమీటర్ల వరకు లాగుతారో చదివాకే కొనండి.

జంపర్ కేబుళ్లు (మరో బండి బ్యాటరీతో స్టార్ట్ చేసే తీగలు), టార్చి, హెచ్చరిక త్రికోణం, ప్రథమ చికిత్స పెట్టె, తాగే నీళ్లు విడిగా కొనుక్కుంటే చాలు. అత్తగారి మందులు మాత్రం కారులో వదలొద్దు, వేడికి పాడవుతాయి. పాలసీ నంబరు, సహాయ కేంద్రం నంబరు కాగితం మీద రాసి పెట్టండి, ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు.

ఒకటి మాత్రం ఇంట్లో కారు నడిపే అందరికీ చెప్పండి. వరద నీటిలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. నీరు చేరిన ఇంజన్ తిప్పితే మొత్తం ఇంజనే పోవచ్చు, ఆ నష్టాన్ని చాలా పాలసీలు ఇవ్వవు. పిల్లల్ని దింపి, కారు అక్కడే వదిలేయండి.