కొత్త సర్వరులో మెషీన్లు పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

మీ ఆడిటరు గారి ఆఫీసుకు కొత్త సర్వరు వచ్చిందనీ, దానిమీద నాలుగైదు వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే సర్వరులో సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడివిడి కంప్యూటర్లు, పెట్టే పని నీకు అప్పగించారనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. ఆ పని ఏమిటో ఆవిడకు తెలియదు గానీ, నువ్వు రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదని మాత్రం తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

మెషీన్ తయారు చేయడం ఇప్పుడు పది నిమిషాల పని. చెడిపోయినదాన్ని మళ్లీ నిలబెట్టడం దగ్గరే మన పనితనం తెలుస్తుంది. కాబట్టి మొదటి మెషీన్ పెట్టకముందే దాని బ్యాకప్ ఎక్కడికి వెళ్తుందో తేల్చుకో. అది ఈ సర్వరులోని డిస్కు కాకూడదు. ఈ ఒక్క విషయంలో నేను నీతో వాదించను, చెప్పినట్టు చెయ్యి.

నాకు బుద్ధి వచ్చిన సంగతి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక ఆఫీసులో అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వేసే ముందు స్నాప్‌షాట్ పెట్టాను. అప్‌డేట్ సవ్యంగా జరిగింది. ఆ సంతోషంలో స్నాప్‌షాట్‌ను తొలగించడం మరిచిపోయాను. స్నాప్‌షాట్ అంటే నకలు కాదు నాయనా. ఆ క్షణానికి ఉన్న పాత డేటాను చెరిగిపోకుండా పట్టి ఉంచడమే. ఆ తర్వాత మారే ప్రతి ముక్కకూ కొత్త చోటు కావాలి. పైగా నేను డిస్కును థిన్ పద్ధతిలో పంచాను: ఉన్నది ఒక టెరాబైటు, మెషీన్లకు ఇస్తానన్నది రెండు. నెలల తరబడి ఆ పూల్, అంటే మెషీన్లన్నీ పంచుకునే ఆ డిస్కు చోటు, మెల్లగా నిండుతూ వచ్చి, సరిగ్గా భోగి నాడు పూర్తిగా నిండింది. మెషీన్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. బ్యాకప్ ఉందా అని యజమాని అడిగితే ఉందని ధైర్యంగా చెప్పాను. తీరా చూస్తే అదీ ఆ డిస్కుల మీదే ఉంది. ఇంకో డిస్కు కొని తగిలించి పూల్‌ను పెంచేసరికి కనుమ వెళ్లిపోయింది. ఒక డేటాబేస్ దెబ్బతింది. మూడు రోజుల వోచర్లు చేత్తో మళ్లీ ఎక్కించారు, నేను పక్కన కూర్చుని చదివి వినిపించాను. ఇప్పుడు స్నాప్‌షాట్ పెట్టిన ప్రతిసారీ దాన్ని తీసేయాల్సిన తేదీ కూడా డైరీలో రాసుకుంటాను. రెయిడ్ (డేటాను ఒకటికి మించిన డిస్కుల్లో ఉంచే ఏర్పాటు) ఉంది కదా అని నువ్వు అంటావేమో. రెయిడ్ డిస్కు పోతే కాపాడుతుంది, పొరపాటున చెరిపిన ఫైలును రెండో డిస్కులో కూడా అంతే శ్రద్ధగా చెరుపుతుంది.

హైపర్‌వైజర్, అంటే వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్, విషయంలో ఎక్కువ ఆలోచించకు. పేరున్న హైపర్‌వైజర్ల కంపెనీ వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొన్నాక శాశ్వత లైసెన్సులు పోయి చందా పద్ధతి వచ్చింది. మీలాంటి చిన్న ఆఫీసుకు ప్రాక్స్‌మాక్స్ అనే హైపర్‌వైజర్ చాలు. అడుగున ఉన్నది డెబియన్ లినక్స్, దానిలో మెషీన్లను నడిపే కేవీఎం. కేవీఎం 2007 నుంచీ లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. చందా కట్టకపోతే అప్‌డేట్లు ఇచ్చే రిపాజిటరీని మార్చుకోవాలి, లేకపోతే మొదటి రోజే ఎర్రటి తప్పులు చూపిస్తుంది, కంగారు పడకు. బయోస్‌లో (సర్వరు లేచేటప్పుడు వచ్చే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉందో లేదో ముందే చూడు.

ఇక ర్యామ్. 64 జీబీ ఉందన్నావట. దాన్ని పెళ్లి భోజనాల్లో లడ్డూల్లా పంచకు. హోస్టుకు, అంటే అసలు సర్వరుకు, ఎనిమిది జీబీ పక్కన పెట్టు, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడితే ఇంకా ఎక్కువ. ప్రాసెసర్‌ను నలుగురూ పంచుకున్నా ఫరవాలేదు, ఒకరు ఊరకే ఉన్నప్పుడు ఇంకొకరు వాడుకుంటారు. ర్యామ్ అలా కాదు. లినక్స్ దృష్టిలో ఒక్కో వర్చువల్ మెషీన్ ఒక్కో ప్రాసెస్ మాత్రమే. ర్యామ్ పూర్తిగా అయిపోతే అది మామూలుగా అన్నిటికంటే ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ను చంపుతుంది. మీ ఆఫీసులో అది అకౌంట్ల మెషీనే అవుతుంది. సెప్టెంబరు ఆఖరు వారంలో అలా జరిగితే ఆడిటరు గారి ముఖం నువ్వే చూడాలి. అందుకని తక్కువతో మొదలుపెట్టి, వాడకం చూసి పెంచు. కోర్లు రెండుతో మొదలుపెట్టినా చాలు.

విండోస్ వేసేటప్పుడు డిస్కే కనబడలేదని నాకు అర్ధరాత్రి ఫోను చేయకు. దానికి వర్చువల్ డిస్కును విండోస్‌కు చూపించే వర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓను రెండో సీడీగా తగిలించి, ఇన్‌స్టాల్ మధ్యలో డ్రైవర్ లోడ్ చేయాలి. బద్ధకించి పాతకాలపు ఐడీఈ డిస్కు రకం ఎంచుకుంటే పని జరుగుతుంది, నత్తలా జరుగుతుంది. గెస్ట్ ఏజెంట్ (మెషీన్ లోపల ఉండి హోస్టుతో మాట్లాడే చిన్న ప్రోగ్రాము) కూడా అప్పుడే వేసెయ్యి.

ఒక లినక్స్ మెషీన్‌ను నకలు తీసి మరొకటి చేస్తే, ఎత్సీ ఫోల్డరులోని మెషీన్ ఐడీ ఫైలు కూడా నకలవుతుంది. దాంతో కొన్ని లినక్స్‌లలో రెండింటికీ ఒకే ఐపీ చిరునామా వచ్చి, ఒకటి పనిచేస్తే రెండోది మాయమవుతూ ఉంటుంది. నేను దీనికోసం ఒక పగలంతా కేబుళ్లు మార్చాను. టెంప్లేట్ (నకళ్లు తీసే మూల మెషీన్) చేసే ముందే ఆ ఫైలును ఖాళీ చెయ్యి, దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు మెషీన్‌ను గుర్తుపట్టే ఎస్ఎస్‌హెచ్ హోస్టు కీలనూ తీసెయ్యి.

ప్రాక్స్‌మాక్స్‌ను నడిపే వెబ్ పేజీ 8006 పోర్టులో తెరుచుకుంటుంది. ఇంటి నుంచి చూసుకోవచ్చు కదా అని దాన్ని ఇంటర్నెట్‌కు వదలకు. బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్యంగా దారి వేసే వీపీఎన్ పెట్టుకో.

కరెంటు సంగతి నీకు వేరే చెప్పాలా? యూపీఎస్ కొంటే సరిపోదు, దాని యూఎస్‌బీ తీగ సర్వరుకు తగిలించి, బ్యాటరీ అడుగంటే లోపు మెషీన్లు వాటంతటవే సక్రమంగా ఆగేలా చూడు. తిరిగి లేచేటప్పుడు డేటాబేస్ ముందు, దానిమీద ఆధారపడేవి రెండు నిమిషాలు ఆగి లేవాలి. ఆ వరుస సెట్టింగుల్లోనే ఉంటుంది.

అన్నీ అయ్యాక ఒక ఆదివారం ఆఫీసుకు వెళ్లు. బ్యాకప్ నుంచి అకౌంట్ల మెషీన్‌ను వేరే మెషీన్ నంబరుతో, నెట్‌వర్క్ తీసేసి లేపు. లోపలికి వెళ్లి నిన్నటి వోచరు ఒకటి తెరువు. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి కాగితం మీద రాసి, సర్వరు గది తలుపుకు అంటించు. పండక్కి వచ్చినప్పుడు ఆ కాగితం ఫోటో తీసుకురా.

అన్నం వేళకు తిను.

నీ మామయ్య